ఎరువుల దుకాణం పైన పాట క్లాసు

ఏప్రిల్ 22, 2025. చేవెళ్ళ

మధ్యాహ్నం పన్నెండింటికి ఇంటర్ ఫలితాలు. ఒంటిగంట నుంచి ఫోన్లు.

మొదట ఒక తల్లి. "మార్కులు మంచిగొచ్చినయి సార్. ఇగ పాట బంద్ చేపిద్దమనుకుంటున్నం."

తర్వాత ఒక తండ్రి. "రెండు సబ్జెక్టులు పోయినయి సార్. ఇగ పాటనన్న గట్టిగ నేర్పుండ్రి."

ఇద్దరికీ ఒకటే చెప్పాను. సాయంత్రం పిల్లల్ని పంపండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

కింద దుకాణంలో యూరియా బస్తాలు దించుతున్నారు. పైన జంటస్వరాలు. ఒక హమాలీ మెట్ల దగ్గర ఆగి, రెండు ఆవర్తనాలు విని, తువ్వాల దులుపుకుని మళ్ళీ లారీ దగ్గరికి పోయాడు.

ఏప్రిల్ 24

ఈ ఏడు కాలేజీ గడప దగ్గర ఉన్నవాళ్ళ గురించి రాసి పెట్టుకుంటున్నాను. ఇళ్ళల్లో అడుగుతారు. తడుముకోకూడదు.

పూలతోట అమ్మాయి. చీకటితోనే లేచి గులాబీలు కోస్తుంది. కట్టలు గుడిమల్కాపూర్ మార్కెట్ బండి ఎక్కాక కాలేజీకి పోయేది. ఒకసారి వింటే చాలు. కల్యాణిలో నేనొక స్వరం వేస్తే దానికి జవాబు తనే కట్టి ఇస్తుంది. ఇట్లాంటి చెవి ఈ మెట్లెక్కి తరచుగా రాదు.

మెకానిక్ కొడుకు. అందరికంటే ముందు వచ్చి చాపలు పరుస్తాడు. గొంతు మామూలు. పై షడ్జం దాటితే వణుకు. ఒక్కరోజు సాధన మానడు.

లెక్కల పిల్లాడు. శ్రుతి, లయ రెండూ శుద్ధం. ఇంటి దగ్గర నోరు తెరవడు.

దప్పు కొట్టే అబ్బాయి. పెళ్ళికీ చావుకీ తండ్రి వెంట పోతాడు. లయ వాడి రక్తంలో ఉందంటారు ఊళ్ళో. నేను రక్తం అనను. ఊహ తెలిసిననాటి నుంచి రోజూ కొడుతున్నాడు. అది పని.

గురుకులంలో చదివే అమ్మాయి. వేసవి సెలవులకు ఇంటికొచ్చింది. పాటంటే ప్రాణం. శ్రుతి నిలవదు.

ఏప్రిల్ 27, ఆదివారం. చిలుకూరు

గుడి చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. ఎంసెట్ దగ్గరపడింది. పేరు ఈఏపీసెట్ అని మారినా ఇళ్ళల్లో ఇంకా ఎంసెటే. కోరుకోవడానికి 11 ప్రదక్షిణలు, తీరాక 108. ఇక్కడ హుండీ లేదు. వచ్చినవాళ్ళు నడవాలి, అంతే.

లెక్కల పిల్లాడు కనిపించాడు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ తిరుగుతున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"లెక్క తప్పింది సార్. ఎనిమిది కాంగనే మళ్ళ ఒకటికొస్తున్న."

ఆదితాళం. వేళ్ళకు అలవాటైపోయింది. మొదటి నుంచీ తిరుగుతానని వెళ్ళిపోయాడు.

వాళ్ళ నాన్న కొబ్బరికాయల దగ్గర నిలబడి ఉన్నాడు. "పాట పాడేటోళ్ళు ఏ దేవునికి మొక్కుతరు సార్?" నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఏ దేవుడైనా వింటాడన్నాను. ఆయనకు ఆ జవాబు సరిపోయినట్టు లేదు.

ఏప్రిల్ 30

రాత్రి విజయనగరం గురించి చదువుతూ కూర్చున్నాను.

1919లో పూసపాటి విజయరామ గజపతి గానపాఠశాల పెట్టారు. తన దగ్గర పనిచేసే చాగంటి జోగారావు గారి కొడుకు గంగరాజుకు చూపు లేదు. ఆ పిల్లాడు సంగీతం నేర్చుకోవడానికే బడి పెట్టారని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్.

అదే ఏడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విద్యార్థిగా చేరదామని వచ్చారు. ఆయనకూ చూపు తక్కువ. అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. దాసు గారు ఫిడేలు విన్నారు. విద్యార్థిగా తీసుకోలేదు, ఫిడేలు ఆచార్యుడి ఉద్యోగం ఇచ్చారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు.

ఒక పిల్లాడికి బడి కావాలి. ఒకాయనకు అక్కర్లేదు. ఇద్దరూ ఒకే గేటులోంచి లోపలికి వెళ్ళారు.

మే 1

ఘంటసాల గారి సంగతి కూడా రాసుకోవాలి. చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరేసరికి వేసవి సెలవులు. కాలేజీ మూసి ఉంది. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పారు. భోజనానికి మధుకరం. జోలె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకుని తినేవారు.

ఈ కథ చెబితే తల్లిదండ్రులు కళ్ళు తుడుచుకుంటారు. తమ పిల్లాడి మాట వచ్చేసరికి హాస్టల్లో అన్నం ఎట్లుంటదని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఎవరి బిడ్డా జోలె పట్టుకునే అవసరం రాకూడదు.

మే 3

మెకానిక్ ఇంటికి వెళ్ళాను. షెడ్డులోనే మాట్లాడుకున్నాం. ఆయన చేతులు గ్రీజు. కుర్చీ తుడిచి వేశాడు.

"గవర్నమెంటుదేనా సార్?"

గవర్నమెంటుదే. రాంకోఠిలో త్యాగరాజ సంగీత నృత్య కళాశాల, 1952 నుంచి ఉంది. సికింద్రాబాదులో భక్త రామదాసు కళాశాల. సాయంత్రం క్లాసులుంటాయి. పగలు డిగ్రీ చదువుకోవచ్చు.

"ఎన్నేండ్లు?"

సర్టిఫికెట్ నాలుగేళ్ళు. ఆపైన డిప్లొమా రెండేళ్ళు.

పానా కింద పెట్టాడు. "ఆరేండ్లా? ఆరేండ్లయితె డాక్టరే అయితడు గద సార్."

నెలకెంత వస్తుందని అడిగాడు. దాచకుండా చెప్పాను. కచేరీల మీద ఆశ పెట్టుకోవద్దన్నాను. స్కూళ్ళలో మ్యూజిక్ టీచర్లు కావాలి. 2023లో గురుకులాల్లో ఆ పోస్టులకు ప్రకటన వచ్చింది. వాటికి సంగీతంలో చదివిన కాగితం ఉండాలి, గొంతు ఒక్కటే సరిపోదు. ఆకాశవాణి ఆడిషన్ ఉంది. బి, బి-హై, ఎ, టాప్. చాలామంది బి దగ్గరే ఉంటారు. ఇళ్ళల్లో ట్యూషన్లు ఉంటాయి. ఏటేటా ఒకే తీరుగా రావు.

"గంతేనా?"

అంతే.

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అబద్ధం చెప్పలే మీరు" అన్నాడు. చాయ్ తెప్పించాడు.

మే 5

అందరు తల్లిదండ్రులకూ నచ్చే పేరు ఒకటి ఉంది. డాక్టర్ శ్రీపాద పినాకపాణి. కర్నూలు మెడికల్ కాలేజీలో వైద్యం చెప్పారు. 1983లో సంగీత కళానిధి. మరుసటి ఏడు పద్మభూషణ్. 1913లో పుట్టి 2013 మార్చిలో పోయారు. నూరేళ్ళకు కొద్ది నెలలు తక్కువ.

"సూడుండ్రి, గట్ల చేస్తె అయిపాయె. డాక్టరీ చేసుకుంట పాడుకోవచ్చు."

వాళ్ళు వినని సగం నేను చెబుతాను. నేదునూరి కృష్ణమూర్తి గారు విజయనగరం కాలేజీలో చదివి, తర్వాత పినాకపాణి గారి దగ్గరికి వెళ్ళారు. మళ్ళీ నేర్చుకున్నారు. ఆ తర్వాత సంగీత కళాశాలలకు ప్రిన్సిపాల్ అయ్యారు. డాక్టరు గారు ఉద్యోగం చేసుకుంటూ పాఠం చెప్పగలిగారు. ఆ పాఠాన్ని కాలేజీ గదుల్లోకి మోసుకెళ్ళడానికి మాత్రం పొద్దంతా అదే పనిమీద ఉండేవాళ్ళు కావలసి వచ్చారు.

లెక్కల పిల్లాడి నాన్న మొదటి సగమే రాసుకున్నాడు. చిన్న నోట్‌బుక్కు. నిజంగానే రాసుకున్నాడు.

మే 8

మెకానిక్ కొడుకు, మాయామాళవగౌళ, గాంధారం.

దిగుతోంది. వాడికి తెలుస్తోంది. నేను చెయ్యి ఎత్తకముందే కళ్ళు మూస్తాడు. ఆపి, తంబురా తీగ ఒకసారి విని, రిషభం నుంచి మళ్ళీ ఎక్కుతాడు. ఈసారి కాస్త దగ్గర. మళ్ళీ ఆపుతాడు. మెడ నరం బిగుసుకుంటుంది. భుజాలు వదులు చేసుకో అంటాను. వదులు చేస్తాడు. మళ్ళీ రిషభం. మిగతా పిల్లలు చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. కింద షట్టర్ వేస్తున్న చప్పుడు. ఎప్పటికో గాంధారం నిలిచింది. నిలిచిందని వాడికి నాకంటే ముందు తెలిసింది. కళ్ళు తెరిచాడు.

పూలతోట అమ్మాయికి ఆ గాంధారం అడగకుండానే వస్తుంది. ఎట్లా వస్తుందో చెప్పమంటే చెప్పలేదు. నేను అడిగి చూశాను. "వస్తది సార్" అంటుంది.

మే 9

చిన్నపిల్లల క్లాసు. నాకు ఫోను వస్తే బయటికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి మెకానిక్ కొడుకు ఒక పిల్ల ముందు బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"నీ ని కిందికొస్తున్నది. పై సా పక్కనే ఉంటది అది. సా పాడు. ఆడికెల్లి కొంచెమే దిగు. అంతే. ఇగో, వచ్చింది."

వచ్చింది. ఆ పిల్లకు నేను చాలా రోజులుగా చెబుతున్న స్వరం అది. పై నుంచి దిగమని నాకు తట్టలేదు.

ఏ ఆడిషన్‌లోనూ దీనికి మార్కులుండవు. వాణ్ణి కాలేజీలో చేర్పించాలి. ఈ ఏడే.

మే 11, ఆదివారం

ఎంసెట్ ర్యాంకులు.

లెక్కల పిల్లాడికి మంచి ర్యాంకు. మొయినాబాద్ దారిలో ఉన్న ఇంజినీరింగ్ కాలేజీ బోర్డులన్నీ ఇప్పుడు వాడివే. స్వీట్లు తెచ్చాడు. క్లాసుకు మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు. వాడూ చెప్పలేదు. కాలేజీలో కల్చరల్ ఫెస్ట్ ఉంటుందట. అందులో పాడతానన్నాడు. పాడితే బాగుంటుంది. శ్రుతి శుద్ధమైన ఇంజినీరు వల్ల ఎవరికీ నష్టం లేదు. కచేరీకి వచ్చి ముందు వరసలో కూర్చునేవాళ్ళూ కావాలి.

పూలతోట అమ్మాయికీ మంచి ర్యాంకే. వ్యవసాయం వైపు. వాళ్ళ నాన్న ఫోనులో గట్టిగా నవ్వాడు. "బిడ్డ అగ్రికల్చర్ ఆఫీసర్ అయితది సార్." ఆయన నవ్వు వింటుంటే కాదనడానికి నోరు రాలేదు. ఆ నవ్వు వెనక ఎన్నేళ్ళ కూలి, ఎన్నేళ్ళ అప్పు ఉందో నాకు తెలుసు.

రాత్రి నిద్ర పట్టలేదు.

మే 12

పూలతోట అమ్మాయి క్లాసుకు వచ్చింది. వర్ణం రెండు కాలాలూ పాడింది. అయిపోయాక అడిగింది.

"మానేస్తె గొంతు ఎన్ని దినాలకు పోతది సార్?"

గొంతు పోదన్నాను. చెవి కూడా పోదు. గమకం మోటుబారుతుంది. తాళం మీద ధైర్యం తగ్గుతుంది. మళ్ళీ కూర్చుంటే వస్తుంది, కాని ముందులాగా ఊరికే రాదు. అడగాల్సి వస్తుంది.

"అడిగితె వస్తదిగా" అంది.

వేళ్ళ నిండా గులాబీ ముళ్ళ గీతలు. తాళం వేసేటప్పుడు కనిపిస్తాయి.

ఈ పిల్ల కాలేజీలో సంగీతం చదవకపోతే నష్టం ఆమెకు తక్కువ. మాకే ఎక్కువ. ఈ మాట ఆమెకు చెప్పలేదు. చెబితే బరువు పెట్టినట్టవుతుంది.

మే 14

బస్సు లెక్క.

ఆడపిల్లలకు 2023 డిసెంబరు నుంచి జీరో టికెట్. చేవెళ్ళలో ఎక్కితే మెహదీపట్నంలో దిగి మరో బస్సు. రాంకోఠి దాకా పైసా ఖర్చు లేదు. అంతకు ముందు ఎంతమంది అమ్మాయిలు ఛార్జీల దగ్గరే ఆగిపోయారో.

మగపిల్లలు పాసు తీసుకోవాలి.

క్లాసు అయ్యేసరికి చీకటి. వికారాబాద్, పరిగి, తాండూరు బస్సులన్నీ చేవెళ్ళ మీదుగానే పోతాయి. మెయిన్ రోడ్డు దాకా సరే. అక్కడి నుంచి ఊళ్ళోకి? ఆటో దొరకదు. అన్నో తమ్ముడో బండి తెచ్చి రోడ్డు మీద నిలబడాలి. రోజూ.

అన్నకు పెళ్ళయింది, ఇక బండి రాదు. అందుకని ఒకమ్మాయి సర్టిఫికెట్ మూడో ఏడులో మానేసింది. మంచి గొంతు. కారణం ఎక్కడా నమోదు కాలేదు. ఆసక్తి తగ్గిందని అనుకుంటారు.

మే 16

మర్రిచెట్ల కింద బస్సు కోసం నిలబడ్డాను. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 900కు పైగా చెట్లు. రోడ్డు వెడల్పు చేయాలంటున్నారు. హరిత ట్రిబ్యునల్‌లో కేసు నడుస్తోంది.

మెకానిక్ కొడుకు చెట్టుకు ఆనుకుని సన్నగా స్వరపల్లవి అనుకుంటున్నాడు. పక్కన కూరగాయల గంపతో ఒక పెద్దాయన. కాసేపు విన్నాడు.

"ఏం మంత్రం బిడ్డ అది? దేనికి పనిచేస్తది?"

"ఇంకా నేర్చుకుంటున్న తాతా" అన్నాడు వీడు.

"పనిజేసినంక చెప్పు. మా మనుమనికి జ్వరం తగ్గుతలేదు."

మే 17, శనివారం. మొయినాబాద్

ఫంక్షన్ హాల్లో పెళ్ళి. ద్వారం దగ్గర సన్నాయి, డోలు. లోపల డీజే. బయట బారాత్‌కు దప్పులు.

హాలు వెనక ఎండుగడ్డి మంట. దప్పు కొట్టే అబ్బాయి, వాళ్ళ నాన్న, మరో నలుగురు. దప్పును మంటకు పట్టి తిప్పుతున్నారు. చర్మం బిగియాలి. అబ్బాయి వేలితో అంచు మీద తట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. ఇంకొంచెం. మళ్ళీ మంట. మళ్ళీ తట్టు. పక్కవాడి దప్పు తీసుకుని దాన్నీ తట్టాడు. రెండూ ఒక్కటి అయ్యేదాకా వదలలేదు. అప్పుడు కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల.

నేను వాళ్ళ నాన్నతో కాలేజీ మాట ఎత్తాను.

"మాది కొట్టుడు సార్. గది సంగీతం కాదు. మీ కాలేజీల మమ్ముల ఎవరు కూసోబెడతరు?"

వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయానికి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉందన్నాను. అబ్బాయికి మృదంగమూ వస్తుంది, లయ వాద్యంలోనూ చేరవచ్చన్నాను. ఆయన తల అడ్డంగా ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. బారాత్ కదిలింది.

అబ్బాయి వెళ్తూ అడిగాడు. "కాలేజీల చేరితె దప్పు ఇడువాల్నా సార్?"

వదలొద్దు. ఎవరైనా వదలమంటే నా దగ్గరికి రా అన్నాను. గట్టిగానే అన్నాను. డీజే మోతలో వాడికి వినపడిందో లేదో.

మే 20

ఒక పిల్లవాడి మేనమామ. "ఆస్కార్ స్టేజీ మీద పాడినోడు ఏ మ్యూజిక్ కాలేజీల చదివిండు సార్?"

రాహుల్ సిప్లిగంజ్ గురించి. హైదరాబాద్ పాతబస్తీ పిల్లాడు. నాన్న సెలూన్లో పనిచేశాడు. పండిట్ విఠల్‌రావు గారి దగ్గర గజల్ నేర్చుకున్నాడు. 2023లో ఆ వేదిక మీద కాలభైరవతో కలిసి పాడాడు. ఆ పాట రాసిన చంద్రబోస్ ఇంజినీరింగ్ చదివారు. గాయకుడు కావాలనుకుని రచయిత అయ్యారు.

"గదే చెప్తున్న. కాలేజీ ఎందుకు?"

బాలసుబ్రహ్మణ్యం గారి పేరూ తెచ్చాడు. నిజమే. ఆయనా ఇంజినీరింగ్‌లో చేరినవారే, శాస్త్రీయంగా నేర్చుకోలేదని ఆయనే చెప్పుకున్నారు. అయినా శంకరాభరణం పాటలకు జాతీయ అవార్డు అందుకున్నారు. సుశీల గారు మాత్రం విజయనగరం కాలేజీలో చదివి వచ్చారు.

విఠల్‌రావు గారి పేరు మేనమామ వినలేదు. గురువు పేరు చెప్పేసరికి ఆయన చూపు ఫోను మీదికి వెళ్ళింది. ఈ తాలూకాలో ఎన్ని ఊళ్ళల్లో ఒక విఠల్‌రావు ఉన్నారు? కాలేజీ ఉన్నది ఆ లోటుకే. గురువు ఇంటి పక్కన లేనివాడికి.

మే 25, ఆదివారం

పొద్దున్నే కాలిఫోర్నియా నుంచి ఫోను. పాత శిష్యురాలు. అక్కడ శనివారం రాత్రి. చిలుకూరులో 108 తిరిగి వెళ్ళిన పిల్ల. సాఫ్ట్‌వేర్. ఇప్పుడు ఆమె కూతురు సిలికానాంధ్ర సంపదలో కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. తెలుగు విశ్వవిద్యాలయం పరీక్షలే రాస్తుంది. చేవెళ్ళ పిల్లలు చదివే సిలబస్ అక్కడి పిల్లలూ చదువుతున్నారు.

తనే చేరదామనుకుంటోంది. 2016లో సిలికానాంధ్ర విశ్వవిద్యాలయం పెట్టారు, అందులో సంగీతం ఎమ్మే ఉంది.

"ఈ వయసులో అవసరమా అంటున్నారు సార్ ఇంట్లో."

ఆమెది అప్పుడూ మధ్యరకం గొంతే. ఇప్పుడు వినిపించమన్నాను. హంసధ్వనిలో కొంచెం పాడింది. గొంతు అదే. ఎక్కడ ఆగాలో తెలిసింది. చేరమ్మా అన్నాను.

ఫోను పెట్టేముందు బతుకమ్మ పాటలు రికార్డు చేసి పంపమంది. వాళ్ళమ్మ పాడేవి, మొయినాబాద్ వైపు బాణీలు. అక్కడ కూతురి టీచరు అడిగిందట.

మే 29

వాన. కరెంటు పోయింది. మృదంగం కుడి మూత వదులైంది.

గురుకులం అమ్మాయి. చీకట్లో అందరితో కలిసి పాడితే ఆమె గొంతు తెలియదు. సంతోషంగా పాడుతుంది. ఒంటరిగా పాడితే రెండు వరసలకే షడ్జం జారిపోతుంది. జారినట్టు ఆమెకు తెలియదు. మెకానిక్ కొడుక్కీ ఈమెకూ తేడా అదొక్కటే, అది చిన్న తేడా కాదు.

వాళ్ళమ్మ గొడుగు ముడిచి అడిగింది. "చేర్పిస్తె నేర్చుకుంటది గద సార్?"

గాత్రం వద్దన్నాను. ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను.

తర్వాత మూలనున్న వీణ తీసి ఒడిలో పెట్టాను. పాత బొబ్బిలి వీణ. మైనం మీద 24 మెట్లు. మెట్టు దగ్గర వేలు ఆనించి మీటితే స్వరం అక్కడే ఉంటుంది, జారదు. సరళి మొదటి వరస మీటింది. మెల్లగా. తప్పు మెట్టు మీద వేలు పడితే ఉలిక్కిపడింది.

ఉలిక్కిపడింది! వినపడుతోందన్నమాట. గొంతులో దొరకనిది వేలి కింద దొరికింది.

తీగలు నొక్కి చూపుడు వేలి మీద గీత పడింది. అమ్మకు చూపించింది.

మే 30

గురుకులం అమ్మాయి మళ్ళీ వచ్చింది. వీణ ముందు కూర్చుంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదట. పులిహోర తెప్పించాను.

ఇప్పటికిప్పుడు కాలేజీ మాట అనను. స్కూలు తెరిచేలోగా గీతాల దాకా రావాలి. వస్తే, వీణలో సర్టిఫికెట్‌కు దరఖాస్తు. రాకపోయినా వీణ ఇక్కడే ఉంటుంది, సెలవులకు రావచ్చు.

గురుకులంలో వీణ లేదట. హార్మోనియం ఉందట, తాళం వేసిన బీరువాలో.

జూన్ 2

అవతరణ దినోత్సవం. మా పిల్లలు జయ జయహే తెలంగాణ పాడారు. అందెశ్రీ గారు రాసింది. బడికి పోలేదు, తాపీ పని చేశారు. కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. నిరుడు ఇదే రోజు రాష్ట్ర గీతమైంది. కీరవాణి గారి స్వరం.

రిహార్సల్‌లో తగువు. పూలతోట అమ్మాయి తన శ్రుతి అయిదున్నర కావాలంది. ఆమెకు అక్కడే గొంతు వికసిస్తుంది. గొంతు మారిన మగపిల్లలకు అందదు. చిన్నపిల్లలు అరుస్తారు.

మెకానిక్ కొడుకు ఫోనులో శ్రుతి నాలుగుకు దించాడు. "ఇప్పుడందరికి అందుతది." ఆమె మూతి ముడుచుకుంది. ఒకసారి పాడి చూశారు. అందరి నోళ్ళూ కదిలాయి. వెనక వరసలో ఎప్పుడూ పెదాలు ఆడించి ఊరుకునే పిల్లాడు కూడా పాడాడు.

ఆమె రెండోసారి కింది స్థాయిలోనే ఒక చిన్న సంగతి వేసింది. బాగుంది. వాడు ఆపి, "గది మళ్ళ పాడు, అందరికి నేర్పుత" అన్నాడు.

నేను పక్కన నిలబడి తాళం వేశాను. నా అవసరం అంతే పడింది. ఇంత సంతోషం ఈ మధ్య కలగలేదు.

జూన్ 5

మెకానిక్ ఒప్పుకున్నాడు. పగలు బీకాం, సాయంత్రం రాంకోఠి. డిగ్రీ సీటు కోసం దోస్త్‌లో ఆప్షన్లు పెట్టారు.

"ఆరేండ్లు అయినంక టీచర్ కాకపోతె?" అని అడిగాడు.

బీకాం ఉంటుంది. షెడ్డు ఉంటుంది. పిల్లలకు పాఠం చెప్పే చెయ్యి ఎట్లాగూ ఉంటుంది. వాణ్ణి నా గదిలో చిన్న క్లాసుకు పెట్టుకుంటాను, జీతం ఇస్తాను. ఎక్కువ ఇవ్వలేను. అదీ చెప్పాను.

"రాత్రి బస్సు?"

ఆయనే తేల్చాడు. షెడ్డు తొమ్మిదిన్నర దాకా తెరిచే ఉంటుంది. బస్సు దిగి షెడ్డుకొస్తాడు. ఇద్దరూ కలిసి ఇంటికి.

జూన్ 7

పూలతోట అమ్మాయి కౌన్సెలింగ్ ఇంకా మొదలు కాలేదు. ఈలోగా రోజూ వస్తోంది. వాళ్ళ నాన్న పూల బండితోపాటు ఒకసారి గదికొచ్చాడు. కూతురు తోడి ఆలపిస్తుంటే మెట్ల మీదే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఇది పంటలాగ ఏడాదికోసారి వస్తదా, రోజు వస్తదా సార్?"

రోజూ అన్నాను.

"అగ్రికల్చర్ కాలేజీల సాయంత్రం ఖాళీ ఉంటదేమో అడుగుత" అన్నాడు. ఆయనంతట ఆయనే.

హాస్టల్ ఎక్కడ పడితే అక్కడ ఎవరైనా గురువు ఉన్నారేమో నేను కనుక్కోవాలి. తిరుపతి అయితే దేవస్థానం వారి సంగీత కళాశాల ఉంది, 1959 నుంచి. కాని మన ర్యాంకుకు తిరుపతి పడదు. రాజేంద్రనగర్ వస్తే అన్నిటికంటే మంచిది. ఇక్కడికి దగ్గర.

జూన్ 8, ఆదివారం

రాంకోఠికి కావలసినవి: పదో తరగతి మెమో, టీసీ, ఆధార్, ఫొటోలు. మెకానిక్ కొడుకు అన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొచ్చాడు. కవరు మీద గ్రీజు వేలిముద్ర.

లోపల ఏం పాడమంటారని అడిగాడు. నీకు బాగా వచ్చినది పాడు. పై స్థాయి ఎక్కువ లేనిది.

"వణికితె?"

వణికితే ఆగి మళ్ళీ ఎత్తుకో. నీకది వచ్చు.

దప్పు కొట్టే అబ్బాయి నాన్నతో ఇంకోసారి మాట్లాడాలి. మృదంగం దరఖాస్తు కూడా తెచ్చి పెట్టాను. ముహూర్తాలు అయిపోయేదాకా ఆయన దొరకడు. రేపు పొద్దున పొలం దగ్గర పట్టుకోవాలి.